వి-క్రాస్‌కి ఏ షాకబ్జర్లు? ముందు బండిని కాటా ఎక్కించండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ బండి 2018 ఇసుజు వి-క్రాస్ పికప్, 90 వేల కిలోమీటర్లు తిరిగింది. వారానికోసారి నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి, చింతపల్లి దాటి మీ కాఫీ తోటకి వెళ్తారు. ఆఖరి ఆరు కిలోమీటర్లు రాళ్ల తోవ. మామూలు రోజుల్లో వెనక తొట్టి ఖాళీ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, కోతల టైమ్‌లో, ఎనిమిది బస్తాల వరకు ఎక్కిస్తారు. ముందు స్టీల్ బంపరు, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) బిగించారు. ఇప్పుడు వెనక కుడివైపు షాకబ్జర్ ఆయిల్ కారుతోంది, బ్రేక్ కొడితే మూతి కిందికి వంగుతోంది, గతుకుల మలుపుల్లో వెనక భాగం పక్కకి గెంతుతోంది. ఒకాయన రిమోట్ రిజర్వాయర్ ఉన్న రెండున్నర ఇంచుల షాకబ్జర్లు వేయించమన్నాడు. ఇంకొకాయన ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి బండి ఎత్తు రెండు ఇంచులు లేపేయమన్నాడు.

రెండూ వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఏజెన్సీ రోడ్ల మీద జీపులు, పికప్పులు తిప్పి ఇరవై ఏళ్లు దాటింది. నా రెండు బళ్లకి ఇప్పటికి ఐదు సెట్లు మార్చాను. అందులో రెండు సెట్లు శుద్ధ దండగ. ఆ రెండుసార్లూ బండి బరువు చూడకుండా షాకబ్జర్ పేరు చూసి కొన్నాను.

షాకబ్జర్ బరువు మోయదు. బరువు మోసేది ముందు కాయిల్ స్ప్రింగు, వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు). షాకబ్జర్ పని ఆ స్ప్రింగు ఊపుని ఆపడం ఒక్కటే. లోపల పిస్టన్ ఆయిల్‌లో కదులుతుంది, సన్నని రంధ్రాల గుండా, పల్చటి రేకుల కింద నుంచి ఆయిల్ దూరుతుంది, ఆ రాపిడిలో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. అందుకే బండి వెనక కుంగితే షాకబ్జర్ మారిస్తే లేవదు. కమాన్లు అలిసిపోయాయన్నమాట. గతుకు దాటాక బండి ఒకసారి కాకుండా రెండు మూడుసార్లు ఊగితే మాత్రం షాకబ్జర్ పోయినట్టే. మీ బండికి రెండు జబ్బులూ కలిసి ఉన్నాయని నా అనుమానం.

కాబట్టి మొదటి ఖర్చు షాపులో కాదు, వే బ్రిడ్జి దగ్గర. ఊరి బయట ఏ రైస్ మిల్లు దగ్గరైనా కాటా ఉంటుంది. ట్యాంకు నిండా డీజిల్ పోసి, మామూలుగా ఎంతమంది వెళ్తారో అంతమందీ కూర్చుని, మొదట ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫామ్ మీద ఉంచి తూకం వేయించండి. తర్వాత బండి మొత్తం. తర్వాత వెనక చక్రాలు మాత్రమే. ఇదంతా ఖాళీ తొట్టితో ఒకసారి, బస్తాలతో ఒకసారి. స్లిప్పులన్నీ దాచుకోండి. స్ప్రింగులు అమ్మేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఈ అంకెలే. అడగకపోతే ఆ షాపు నుంచి లేచి వచ్చేయండి.

ముందు బంపరు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. బంపరు, వించ్, తాడు కలిపి 100 కిలోలు అనుకుందాం. అది ముందు యాక్సిల్ మీద లేదు, దానికి దాదాపు 90 సెంటీమీటర్ల ముందు వేలాడుతోంది. వి-క్రాస్ వీల్‌బేస్ 3,095 మి.మీ. తూగుడుబల్ల లెక్క వేస్తే ముందు యాక్సిల్ మీద పడేది 100 కాదు, సుమారు 129 కిలోలు. ఆ పైనున్న 29 కిలోలు వెనక యాక్సిల్ నుంచి లేచిపోయి ముందుకొచ్చినవి. అంటే మీరు బంపరు బిగించిన రోజే ఖాళీ బండి వెనక భాగం ఇంకాస్త తేలికయింది. మలుపుల్లో వెనక గెంతడానికి అదీ ఒక కారణం. బ్రేక్ కొడితే మూతి వంగడానికి సగం కారణం కూడా అదే. ఆ బరువుకి కంపెనీ స్ప్రింగు సరిపోదు. దాని మీద ఎంత ఖరీదైన షాకబ్జర్ వేసినా మూతి వంగడం నెమ్మదిస్తుందే గాని, ఆగదు.

ఇక రిజర్వాయర్ మాట. షాకబ్జర్ ఊపుని వేడిగా మారుస్తుందని చెప్పాను కదా. గతుకులు ఎంత దగ్గర దగ్గరగా ఉంటే, బండి ఎంత వేగంగా పోతే అంత వేడి. ఆయిల్ కాగిపోతే పల్చబడుతుంది, గ్యాస్‌తో కలిసి నురగ కడుతుంది, పిస్టన్‌కి పట్టు దొరకదు. దీన్నే ఫేడ్ అంటారు. బయట ఇంకో డబ్బా పెట్టి, గొట్టంతో కలిపి, ఎక్కువ ఆయిల్ పోస్తే వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది. గ్యాస్‌ని కూడా ఆ డబ్బాలోకి నెట్టేస్తారు కాబట్టి అసలు గొట్టంలో పిస్టన్ తిరగడానికి జాగా పెరుగుతుంది. మెక్సికోలో 1967 నుంచి జరుగుతున్న బాహా 1000 లాంటి ఎడారి రేసులకి ఇది ప్రాణావసరం. ఆస్ట్రేలియా లోపలి మట్టి రోడ్లలో, ఇసుక మీద అలలు తేలినట్టుండే దారిలో, గంటల తరబడి 80 మీద పోయేవాళ్లకీ అవసరమే.

మీ తోట తోవలో మీ వేగం ఎంత? ఫోర్ లోలో (నాలుగు చక్రాలకీ బలం పంపే నెమ్మది గేరులో) వేసుకుని పది, మహా అయితే పదిహేను. ఆ వేగంలో షాకబ్జర్ ఫేడ్ అయ్యేంత వేడెక్కదు. మిగతాదంతా తారు రోడ్డు. అంత వేడి పుట్టని చోట వేడి తట్టుకునే సామాను కోసం రెండింతలు, మూడింతలు డబ్బు పోయడం నాకు నచ్చదు. పైగా ఆ గొట్టాలు, క్లాంపులు రాళ్లకి, తుప్పలకి ఎదురుగా ఉంటాయి. రెండేళ్లకో మూడేళ్లకో సీళ్లు మార్చి, నైట్రోజన్ నింపి, తిరిగి కట్టాలి. ఆ పని తెలిసిన చేయి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో దొరుకుతుంది. నర్సీపట్నంలో నాకైతే కనపడలేదు. కోతల మధ్యలో బండిని వారం పాటు ఊరు దాటించడం మీకు కుదురుతుందా?

సింగిల్ ట్యూబా (అదే మోనోట్యూబ్), ట్విన్ ట్యూబా అన్నది అసలైన ఎంపిక. ట్విన్ ట్యూబ్‌లో గొట్టంలో గొట్టం. లోపలి గొట్టంలో పిస్టన్, బయటి గొట్టంలో మిగిలిన ఆయిల్, పైన తక్కువ ఒత్తిడి గ్యాస్. మోనోట్యూబ్‌లో ఒకటే గొట్టం, అడుగున తేలే పిస్టన్, దాని వెనక గట్టి ఒత్తిడితో నైట్రోజన్. మోనోట్యూబ్ వేడిని సూటిగా గాలికి వదిలేస్తుంది, నురగ కట్టదు, స్టీరింగు దగ్గర పనితనం చురుగ్గా ఉంటుంది. తారు రోడ్డు మీద నాకు అదే ఇష్టం. కానీ దాని బయటి గోడే పిస్టన్ తిరిగే గోడ. పక్క నుంచి ఒక్క రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ అక్కడ బిగుసుకుంటుంది, షాకబ్జర్ పని అయిపోయినట్టే. ట్విన్ ట్యూబ్ బయటి గొట్టానికి సొట్ట పడినా లోపలి గొట్టం తన పని తాను చేసుకుంటూ పోతుంది. రాళ్ల తోవలో వెనక షాకబ్జర్ల కింది చివర యాక్సిల్ పక్కనే వేలాడుతూ ఉంటుంది. మీ బండి కింద పడుకుని చూడండి, ఇప్పుడున్నవాటి మీద రాళ్ల దెబ్బల గుర్తులు ఎన్ని ఉన్నాయో మీకే తెలుస్తుంది.

షాపులో జరిగే ఒక తమాషా చెప్పాలి. కుర్రాడు రెండు షాకబ్జర్లు తెచ్చి నేల మీద నిలబెట్టి, రెండు చేతులతో అదిమి చూడమంటాడు. మోనోట్యూబ్ మొండికేస్తుంది, ట్విన్ ట్యూబ్ దిగిపోతుంది. 'చూశారా సార్, ఇది ఎంత స్ట్రాంగో' అంటాడు. ఆ మొండితనం లోపలి గ్యాస్‌ది. 14 మి.మీ. రాడ్డు, లోపల 25 బార్ ఒత్తిడి అనుకుంటే, ఆ రాడ్డుని బయటికి నెట్టే బలం దాదాపు 39 కిలోలు. షాకబ్జర్ ఊపుని ఎంత పట్టి ఆపుతుందన్నదానికీ దీనికీ సంబంధం లేదు. చేత్తో నెట్టే వేగానికీ, రాయి తగిలినప్పుడు పిస్టన్ పరుగెత్తే వేగానికీ పొంతనే ఉండదు.

చూడాల్సింది పిస్టన్ సైజు, వాల్వింగు (ఆయిల్ దారిని అదుపు చేసే రంధ్రాలు, రేకుల అమరిక). 35 మి.మీ. పిస్టన్‌తో పోలిస్తే 46 మి.మీ. పిస్టన్ వైశాల్యం 1.7 రెట్లు ఎక్కువ. అదే బలాన్ని తక్కువ ఒత్తిడితో ఇవ్వగలదు కాబట్టి సీళ్ల మీద, వాల్వుల మీద భారం తగ్గుతుంది. పెద్దదైతే మంచిదే, కానీ వాల్వింగు తప్పితే పెద్ద పిస్టన్ కూడా వృథా. వాల్వింగులో రెండు భాగాలు ఉంటాయి: చక్రం పైకి వచ్చేటప్పుడు ఎంత ఆపాలి, స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు ఎంత ఆపాలి. రెండోదాన్నే రీబౌండ్ అంటారు. అది కమాన్ల బిగువుకి తగ్గట్టు ఉండాలి.

నా దండగ సెట్లలో మొదటిది ఇక్కడే తప్పింది. నా పాత పికప్‌కి వెనక ఎప్పుడూ 300 కిలోలు ఉండే బళ్ల కోసం వాల్వింగు చేసిన షాకబ్జర్లు వేయించాను. హెవీ డ్యూటీ అని రాసి ఉంది, అంతే చూశాను. కంపెనీ కమాన్లు అలాగే ఉంచాను. ఖాళీ బండితో మొదటి వాన పడ్డ రోజు ఘాట్ దిగుతున్నాను. మలుపులో వరసగా నాలుగైదు గతుకులు. మొదటి గతుకుకి వెనక చక్రం పైకి వచ్చింది, తిరిగి దిగేలోపు రెండో గతుకు, అది దిగేలోపు మూడోది. రీబౌండ్ అంత బిగుతుగా ఉంటే కమాను సాగడానికి టైమే దొరకదు. ప్రతి గతుకుకీ వెనక భాగం కొంచెం కొంచెం కిందికి కుక్కుకుపోయి, చివరికి యాక్సిల్ చాసిస్‌ని గుద్దకుండా ఆపే రబ్బరు స్టాపర్ మీద కూర్చుంది. అప్పుడు ఇనుము మీద ఇనుము కూర్చున్నట్టే. వెనక చక్రాలు రోడ్డు వదిలేసి బండి లోయ వైపు అడ్డంగా జరిగింది. రక్షణ గోడ ఉండబట్టి ఈ జవాబు రాస్తున్నాను. బస్తాలు ఎక్కించాక మాత్రం అదే బండి వెన్నలా నడిచేది. ఆ షాకబ్జర్ల తప్పేమీ లేదు, వాటిని ఎన్నుకున్నవాడిదే.

మీ అవసరం కూడా అదే రకం, ఏడాదిలో ఎనిమిది నెలలు ఖాళీ, నాలుగు నెలలు బరువు. బస్తా 50 కిలోల చొప్పున ఎనిమిది బస్తాలంటే 400 కిలోలు. ఇక్కడ ఒక మాట, నచ్చకపోవచ్చు: ఆర్‌సీలోనూ మాన్యువల్‌లోనూ రాసి ఉన్న మొత్తం బరువుని మీ స్లిప్పుతో పోల్చి చూడండి. వి-క్రాస్ పుట్టింది సరుకు రవాణాకి కాదు. బంపరు, వించ్, మనుషులు పోగా మిగిలే లెక్కలో ఆ 400 ఇమడకపోతే రెండు ట్రిప్పులు వేయండి. కమాన్లకి ఒక పట్టీ చేర్పిస్తే చాలనే మాట వినకండి. బ్రేకులు, యాక్సిల్, చాసిస్ ఆ పట్టీతో పెరగవు.

ఇక నేనైతే ఏం వేస్తాను? వెనక, కంపెనీ ఎత్తుకే సరిపోయే, మధ్యస్థం వాల్వింగు ఉన్న ట్విన్ ట్యూబ్. ఓల్డ్ మ్యాన్ ఈము నైట్రోచార్జర్ ఈ కోవలోదే. ఐరన్‌మ్యాన్ ఫోమ్ సెల్ ఇంకో మంచి దారి. అందులో బయటి గొట్టంలో గ్యాస్‌కి బదులు స్పాంజి లాంటి ఫోమ్ ఉంటుంది, దాని గదుల్లోకి ఆయిల్ దూరదు, నురగ సమస్య చాలావరకు ఉండదు. ఎనిమిది నెలలు ఒకలా, నాలుగు నెలలు ఇంకోలా అన్న మీ లెక్కకి, బయట గుబ్బ తిప్పి బిగువు మార్చుకునే రకం కూడా పనికొస్తుంది. రాంచో ఆర్ఎస్9000లో తొమ్మిది మెట్లు ఉంటాయి. కోతలు మొదలయ్యాక రెండు మెట్లు ఎక్కించి, అయిపోయాక దించేయొచ్చు. నిజం చెప్పాలంటే ఆ గుబ్బలకి బురద పట్టి బిగుసుకుపోతాయి. నెలకోసారైనా కడిగి, ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పే ఓపిక ఉంటేనే తీసుకోండి.

ముందు మాత్రం నా ఓటు మోనోట్యూబ్‌కే. అక్కడ రాళ్ల దెబ్బ తక్కువ, స్ప్రింగు చుట్టూ ఉండి కాపాడుతుంది. బిల్‌స్టీన్ 46 మి.మీ. రకం తారు మీద ఘాట్ మలుపుల్లో మూతి వంగకుండా బాగా పట్టి ఉంచుతుంది. దాంతోపాటు, మీ కాటా స్లిప్పులో ముందు యాక్సిల్ బరువుకి సరిపోయే కొత్త కాయిల్ స్ప్రింగు తప్పనిసరి. ఓల్డ్ మ్యాన్ ఈము వాళ్లదే బీపీ-51 షాకబ్జర్ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. 51 మి.మీ. పిస్టన్, రెండు వైపులా విడిగా సర్దుకునే వీలు. గొప్ప సామాను. మీ పనికి ఎక్కువ. ఏ రకమైనా మీ మోడల్‌కి, మీ సంవత్సరానికి పార్ట్ నంబరు ఉందో లేదో కేటలాగులో చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి. 'వేరే పికప్‌ది దీనికీ సరిపోతుంది' అంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

రెండు ఇంచులు లేపడం గురించి. వి-క్రాస్ ముందు భాగం డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి ఆర్ములు పట్టుకుంటాయి. చక్రం ఒక ఇంచు కదిలితే షాకబ్జర్ దాదాపు అర ఇంచు, లేదా కాస్త ఎక్కువ కదులుతుంది. అందుకే పైన ఇంచు మందం స్పేసర్ పెడితే బండి దాదాపు రెండు ఇంచులు లేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ చక్రం మొత్తం కదిలే జాగా పెరగలేదు. ఖాళీగా నిలబడినప్పుడు చక్రానికి కిందికి దిగే జాగా నాలుగు ఇంచులు ఉందనుకోండి, రెండు ఇంచులు లేపితే మిగిలేది రెండే. గుంతలోకి చక్రం దిగగానే షాకబ్జర్ పూర్తిగా సాగిపోయి ఠక్కుమంటుంది. ఆ ఠక్కు మీ తోట తోవలో వెళ్లిన ప్రతిసారీ వినాలి. డ్రైవ్ షాఫ్టు జాయింట్ల కోణం పెరిగి రబ్బరు బూట్లు చిరుగుతాయి, అలైన్‌మెంట్ కుదరక టైర్లు ఒక పక్క అరుగుతాయి, పై ఆర్ములు కూడా మార్చాల్సి వస్తుంది. చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కంపెనీ ఎత్తులోనే మంచి షాకబ్జర్ వేసుకోవడం వేరు, బండి ఎత్తే మార్చేయడం వేరు. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ టేపు తీస్తాడు.

కొత్త స్ప్రింగు వల్ల ముందు ఒక ఇంచు లేస్తే కంగారు పడక్కర్లేదు. బంపరు బరువుకి కుంగింది తిరిగి తన చోటుకి వస్తుందంతే.

వెనక షాకబ్జర్ పొడవు మీరే కొలుచుకోండి, కేటలాగుతో సరిచూసుకోవచ్చు. బండి చదును నేల మీద ఉండగా పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య వరకు టేపు పెట్టండి. ఉదాహరణకి 480 మి.మీ. వచ్చిందనుకుందాం. బంప్ స్టాపర్‌కీ యాక్సిల్‌కీ మధ్య జాగా 75 మి.మీ. అనుకుందాం. రబ్బరు ఇంకో 30 నలుగుతుంది. 480లో అవి రెండూ తీసేస్తే 375. దానికింకో 20 మి.మీ. వదలండి. అంటే మీ షాకబ్జర్ పూర్తిగా మూసుకున్నప్పటి పొడవు 355 దాటకూడదు. దాటితే స్టాపర్ కంటే ముందు షాకబ్జర్ లోపల పిస్టన్ అడుగుని గుద్దుతుంది. బిగించాక స్టాపర్‌కి కొంచెం గ్రీజు రాసి తోటకి వెళ్లి రండి. యాక్సిల్ మీద గ్రీజు ముద్ర పడితే స్టాపర్ తన పని చేస్తోందని అర్థం. ప్రతి ట్రిప్పుకీ దట్టంగా పడుతుంటే మాత్రం కమాన్లు చాలడం లేదు.

కొనేముందు ఇంకో పని. ఘాట్ దిగాక బండి ఆపి, నాలుగు షాకబ్జర్లనీ వేళ్ల వెనక వైపుతో తాకి చూడండి, కాలకుండా జాగ్రత్తగా. పని చేస్తున్నది వెచ్చగా ఉంటుంది. చల్లగా ఉన్నది చచ్చిపోయింది. ఆయిల్ కారుతున్న కుడివైపుది ఎలాగూ పోయింది, ఎడమది ఎలా ఉందో తెలుస్తుంది. అయినా జతగానే మార్చాలి, ఒక్కటి మార్చకండి. అలాగే 90 వేల మీద ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు చూపించుకోండి. బుష్ పోయిన బండి కొత్త షాకబ్జర్‌తో కూడా ఊగుతుంది, అప్పుడు నన్ను తిడతారు. టైర్లలో గాలి కూడా. రాళ్ల తోవ మొదలవగానే ఖాళీ బండికి 22 పీఎస్ఐకి దించితే సగం కుదుపు అక్కడే పోతుంది. తారు ఎక్కేముందు తిరిగి నింపడానికి సిగరెట్ లైటర్‌కి తగిలించే చిన్న కంప్రెసర్ చాలు.

బిగించేటప్పుడు ముందు స్ప్రింగు విప్పడం ఇంట్లో చేసే పని కాదు. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే మనిషి మిగలడు. సరైన స్ప్రింగు కంప్రెసర్ (స్ప్రింగుని నొక్కి పట్టే పనిముట్టు) ఉన్న షాపులోనే చేయించండి. వెనకవి మీరే చేసుకోవచ్చు. ఒక్కటి మాత్రం మర్చిపోకండి: జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బుష్ బోల్టులు పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే బండి కిందికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉంటుంది, ఆరు నెలల్లో చిరుగుతుంది. నా రెండో దండగ సెట్టు అలాగే పోయింది. బోల్టులు చేత్తో తిప్పి వదిలేసి, బండి నేల మీద నిలబడ్డాక పూర్తి టార్క్ ఇవ్వాలి. 500 కిలోమీటర్లకి మళ్లీ ఒకసారి స్పానర్ పెట్టి చూసుకోండి.

తీసిన పాతవాటిలో బాగున్నవి పారేయకండి. గుడ్డ చుట్టి, నిలువుగా, తోట షెడ్డులో పెట్టుకోండి. కోతల మధ్యలో కొత్తది ఏదైనా చెడితే ఆ పాతదే వేసుకుని ఘాట్ దిగి రావచ్చు. కాటా స్లిప్పులు వచ్చాక ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ అంకెలు ఖాళీవీ, బరువువీ రాయండి. ఎంత బిగువు స్ప్రింగు తీసుకోవాలో ఆ అంకెలు చూసి చెప్తాను.